నాన్న నోటుబుక్కులో 11 లక్షల 30 వేలు

పెద్దకర్మ అయిన మర్నాడు కింది ఇంటాయన మెట్ల దగ్గర నన్ను ఆపాడు. కాసేపు చెప్పుల వైపు చూసి, "ఇప్పుడు అడగకూడదమ్మా, తప్పే. కానీ మా లీజు డబ్బు సంగతి ఇకమీద ఎవరితో మాట్లాడాల?" అన్నాడు. 2023 డిసెంబరు ఆఖరు వారం అది. నాన్న పోయి రెండు వారాలు కాలేదు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎంత అన్యాయమైనదో రెండు రోజుల తర్వాత నోటుబుక్కు తెరిచాక తెలిసింది.

మాది మదనపల్లె వైపు. నాన్న బెంగళూరు వచ్చి, దూరవాణి నగర్‌లో ఉద్యోగం చేసి, రామ్మూర్తి నగర్‌లో 30 బై 40 సైటు కొని, పదిహేనేళ్ళ పాటు ఒక్కో అంతస్తు లేపుతూ పోయారు. కింద రెండు చిన్న ఇళ్ళు, మొదటి అంతస్తులో అమ్మానాన్న, రెండో అంతస్తులో రెండు ఇళ్ళు, పైన రేకుల గది ఒకటి. అమ్మ కాకుండా ఐదు కాపురాలు. నేను ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక ఫ్లాట్‌లో అద్దెకుంటాను. పన్నెండేళ్ళుగా ఓనర్లను తిట్టుకుంటూ బతికినదాన్ని, ఒక్క వారంలో ఓనర్‌నయిపోయాను.

నాన్న నోటుబుక్కులో ఇంటికో పేజీ. ఎర్ర పెన్నుతో అద్దె, నీలం పెన్నుతో అడ్వాన్సు. కింది ఇల్లు ఒకటి: లీజు 8,00,000. రెండోది: అద్దె 9,000, అడ్వాన్సు లక్ష. పైన రెండిళ్ళు: 11,000, 11,500, రెండింటికీ లక్ష లక్ష. రేకుల గది: అద్దె 6,500, అడ్వాన్సు 30,000. అద్దెలు కూడితే నెలకు 38,000. అమ్మకు ఏ లోటూ ఉండదని నేనూ తమ్ముడూ ఊపిరి పీల్చుకున్నాం. ఆ తర్వాత నీలం అంకెలు కూడాను. 11,30,000. నాన్న బ్యాంకు ఖాతాలో ఉన్నది 2,16,000.

మిగతాది ఎక్కడికి పోయిందని వెతకాల్సిన పని లేదు, అదీ రాసే ఉంది. పైన స్లాబుకు. బోరు లోతు పెంచడానికి. తమ్ముడి నాలుగో సంవత్సరం ఫీజుకు. ఒకచోట నా పేరు కూడా ఉంది. నా పెళ్ళికి కల్యాణ మంటపం అడ్వాన్సు కట్టింది అప్పట్లో కింద ఉన్నవాళ్ళ అడ్వాన్సుతోనే. నాన్న ఎవరి డబ్బూ ఎగ్గొట్టలేదు. ఒకరు ఖాళీ చేస్తే కొత్తగా వచ్చేవాళ్ళ దగ్గర తీసుకుని పాతవాళ్ళకు ఇచ్చేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ చక్రం తిరిగింది.

బెంగళూరు లీజు గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. నెలనెలా అద్దె ఉండదు. మొదట్లోనే పెద్ద మొత్తం ఓనర్ చేతిలో పెడతారు, రెండు మూడేళ్ళు ఉంటారు, వెళ్ళేటప్పుడు ఆ మొత్తం అట్లాగే తిరిగి తీసుకుంటారు. ఓనర్‌కు వడ్డీ లేని అప్పులా కనిపిస్తుంది. అది నిజం కాదు. ఆ ఇంటికి బయట 12,000 అద్దె వస్తుంది, అంటే ఏడాదికి 1,44,000. 8 లక్షల మీద అది 18 శాతం. నాన్న నూటికి ఒకటిన్నర వడ్డీకి అప్పు తెచ్చుకుని, వడ్డీ కట్టడం లేదని అనుకుంటూ బతికారు. ఈ లెక్క తమ్ముడికి ఫోన్లో చెబితే, "ఇంకొకరిని లీజుకే పెట్టెయ్ అక్కా, తలనొప్పి వదిలిపోతుంది" అన్నాడు. వాడు పుణేలో ఉంటాడు. తల నాది.

ఫిబ్రవరిలో లీజువాళ్ళు నోటీసు ఇచ్చారు. పిల్లల పరీక్షలు, టీసీలు అయ్యాక మే 31కి ఖాళీ చేస్తామన్నారు. మూడున్నర నెలలు టైము. చాలా మర్యాదగా ఇచ్చారు కూడా.

ఈలోగా నీళ్ళు పోయాయి.

2024 మార్చి మొదటి వారంలో బోరు గాలి కొట్టడం మొదలైంది. మోటారు ఆన్ చేస్తే గురగుర శబ్దం, కాస్త బురద, ఆపైన ఏమీ లేదు. వారానికి రెండుసార్లు వచ్చే కావేరి నీళ్ళు ఆరు కాపురాలకు ఏ మూలకు? అప్పటిదాకా 6,000 లీటర్ల ట్యాంకర్ 550కి వచ్చేది. ఆ వారం 1,300 అడిగారు. ఆ రోజుల్లోనే ప్రభుత్వం ట్యాంకర్ల రేట్లు కట్టింది: ఐదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600, 12,000 లీటర్లకు 1,000. పేపర్లో చూసి అమ్మ సంతోషపడింది. మాకు నీళ్ళు తెచ్చే అతను మాత్రం రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి, ఆ రేటుకైతే పేపరువాళ్ళనే తెచ్చి పొయ్యమనండి అన్నాడు. ఆ నెల 11 ట్యాంకర్లకు 13,400 అయింది.

అగ్రిమెంట్లలో నీళ్ళకు ఇంటికి 200 అని ఉంది. మిగతాది ఎవరు పెట్టుకోవాలి? ఒక ఆదివారం సాయంత్రం అందరినీ మిద్దె మీదకు పిలిచాను. అద్దెకున్న నా బుర్ర 'ఓనరే పెట్టుకోవాలి' అంటోంది, ఓనర్ బుర్ర బిల్లు చూస్తోంది. చివరకు సగం మేము, సగం మనిషికింత అని పంచాం. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం అదే టైము, మిగతా వేళల్లో వాల్వు బందు. కుళాయిలకు నీటి ధార తగ్గించే ఏరేటర్లు పెట్టించాను, ఒక్కోటి వంద లోపే. అందరూ ఒప్పుకున్నారు గానీ, రెండో అంతస్తు కన్నడ ఆంటీ మాత్రం మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బకెట్ పట్టుకుని వచ్చి "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంది, అంటే కొంచెం సర్దుకోండి అని. ఈ ఊళ్ళో ఆ మాటకు ఎదురు చెప్పిన మనిషిని నేను చూడలేదు. ఏప్రిల్ 9న ఉగాది. తలంటు స్నానాలకని ముందు రోజే ఒక ట్యాంకర్ అదనంగా తెప్పించాం. పండక్కి పులిహోర పంచినదానికంటే ఆ ట్యాంకర్‌కే ఎక్కువ థ్యాంక్స్ వచ్చాయి.

మే నెలంతా నాకు నిద్ర లేదు. 8 లక్షలు ఎట్లా? నా ఎఫ్‌డీ విరగ్గొడితే రెండున్నర. నాన్న ఖాతాలోంచి లక్షన్నర. ఇంకా నాలుగు లక్షలు కావాలి. అమ్మ ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి బీరువా తెరిచి మూట తెచ్చింది. 85 గ్రాములు. బ్యాంకులో గోల్డ్ లోన్ రెండు గంటల్లో అయిపోయింది, వడ్డీ నెలకు మూడు వేల చిల్లర. తూకం వేసే ఆయన నల్లపూసల పూసలు లెక్కలోకి రావని పక్కకు తీస్తుంటే అమ్మ గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగి కూర్చుంది. 18 శాతం అప్పు తీర్చడానికి 9 శాతం అప్పు తేవడం తెలివైన పని అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆ పది నిమిషాలూ ఆ లెక్క ఏమీ పనికిరాలేదు.

మే 31, శుక్రవారం. పొద్దున సామాను లారీ ఎక్కింది. మధ్యాహ్నం తగాదా. మా వీధిలో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకోవడం ఆనవాయితీ. లీజుకున్నవాళ్ళకు ఒక నెల అద్దె అంటే ఎంత? ఆయన, "మాకు అద్దే లేదు కదమ్మా, పట్టుకోవడానికేముంది" అన్నాడు. నేను 12,000 అన్నాను. స్టాంపు పేపరు తీసి చూస్తే పెయింటింగు ఊసే లేదు. అరగంట తర్వాత 10,000 దగ్గర ఆగాం. 7,90,000 ఆర్‌టీజీఎస్ చేశాను. ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చేదాకా ఇద్దరం మెట్ల మీదే కూర్చున్నాం. వచ్చాక తాళాలు ఇచ్చి, "మీ నాన్నగారైతే కాఫీ ఇప్పించేవారు" అన్నాడు. నిజమే, మర్చిపోయాను. ఇక్కడ ఒక పొరపాటు కూడా చేశాను, అది తర్వాత చెబుతాను.

ఇల్లు చేతికొచ్చి రెండు రోజులు కాలేదు. జూన్ 2 ఆదివారం సాయంత్రం వాన. బెంగళూరులో ఆ ఒక్కరోజే 111 మిల్లీమీటర్లు పడిందని, నూటముప్పై ఏళ్ళలో జూన్ నెలలో అంత వాన లేదని తర్వాత చదివాను. మార్చిలో చుక్క లేని ఊరు! వీధి మురుగు కాలువ నిండి, మా ఛాంబర్ నిండి, ఖాళీగా ఉన్న కింది ఇంటి బాత్రూం జాలీలోంచి పైకి తన్నింది. హాల్లో అరడుగు. ఆ ఇంట్లో మనుషులు ఉండుంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఛాంబర్ శుభ్రం చేయించి, నీళ్ళు వెనక్కి తన్నకుండా వాల్వు పెట్టించడానికి 8,300. పైనున్న అమ్మ బాత్రూం నుంచి చెమ్మ దిగుతోందని అప్పుడే బయటపడింది, దానికి వాటర్‌ప్రూఫింగ్ 18,000. వైరింగు 6,500. పెయింటింగు 21,000. మొత్తం 53,800. లీజాయన దగ్గర గీచిగీచి పట్టుకున్నది పదివేలు.

టు-లెట్ బోర్డు కట్టిన రోజు నుంచి ఫోన్లు. బ్రోకర్లు ఒక నెల అద్దె అడిగారు, వద్దన్నాను. అమ్మ షరతులు: ఫ్యామిలీ కావాలి, తెలుగువాళ్ళైతే మేలు, రాత్రుళ్ళు గేటు చప్పుడు కాకూడదు. పెళ్ళికి ముందు నేను ఈ ఊళ్ళో ఇల్లు వెతుక్కున్నప్పుడు సరిగ్గా ఇవే మాటలు నాకు చెప్పి గుమ్మంలోంచే పంపేసినవాళ్ళు గుర్తొచ్చారు. అనంతపురం నుంచి వచ్చిన ఇద్దరు నర్సులు అడిగారు, ఇద్దరికీ షిఫ్టు డ్యూటీలు, రాత్రి గేటు తప్పదు. అమ్మ మూతి ముడిచింది. నేను ఇచ్చేశాను. అద్దె 12,000. పది నెలల అడ్వాన్సు అడగడానికి నోరు రాలేదు, ఐదు నెలలది 60,000 తీసుకున్నాను. అగ్రిమెంటు అందరిలాగే 11 నెలలకు, ఏటా 5 శాతం పెంపు, ఈసారి పెయింటింగు ముక్క కూడా రాసి. వాళ్ళు జులై 18న చేరారు. అంటే 47 రోజులు ఖాళీ. అమ్మ బీపీ ఇప్పుడు వాళ్ళే చూస్తారు, గేటు చప్పుడు గురించి మళ్ళీ మాట రాలేదు.

ఇప్పుడు ఆ పొరపాటు. నర్సులకు మొదటి కరెంటు బిల్లు పూర్తిగా వచ్చింది. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు ఉచితం అద్దెకున్నవాళ్ళకూ వస్తుంది, కానీ ఆ మీటరు ఆర్‌ఆర్ నంబరుకు, అంటే కనెక్షన్ నంబరుకు, పాత లీజాయన ఆధార్ కట్టి ఉంది. అది విడిపిస్తేగాని కొత్తవాళ్ళది ఎక్కదు. ఆయనకు ఫోన్ చేస్తే కాఫీ ఇవ్వని మనిషికి తొందరగా ఎందుకు పలుకుతాడు? నాలుగు వారాలు పట్టింది. తాళాలతో పాటు ఆధార్ డీలింక్ కూడా డబ్బు పంపే ముందే అడగాలి. అలాగే కరెంటు మీటరు రీడింగ్ ఫోటో.

అక్టోబరులో అసలు దెబ్బ తగిలింది. రెండో అంతస్తులో 11,500 ఇచ్చే జంటలో అబ్బాయికి ఉద్యోగం పోయింది. ఐదో తేదీ దాటింది, పదో తేదీ దాటింది. మెట్ల మీద కనబడితే తల దించుకుని, "అక్కా, అడ్వాన్సులో పట్టుకోండి" అన్నాడు. చాలా సబబైన మాట. లక్ష అడ్వాన్సు ఉంది కదా, పట్టుకుంటే సరిపోతుంది. ఏ డబ్బులో పట్టుకోను? ఆ లక్ష ఎప్పుడో స్లాబులో కలిసిపోయింది. అతని లెక్కలో అద్దె కట్టినట్టే, నా చేతికి మాత్రం పైసా రాదు. గోల్డ్ లోన్ వడ్డీ ఆగదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి. నాలుగు నెలలు, 46,000. జనవరి 31న ఖాళీ చేస్తే పెయింటింగుకు 11,500 పోగా ఇంకా 42,500 నేనే ఎదురివ్వాలి. నాలుగు నెలలు అద్దె ఇవ్వని మనిషికి నేనే డబ్బు ఇస్తున్నట్టు ఒక పిచ్చి ఉక్రోషం. అతను తప్పేమీ చేయలేదు. ఇవ్వాల్సిన రోజున ఇచ్చాను, ఈసారి కాఫీ కూడా.

కాగితాల పనులు దీనికి సమాంతరంగా నడిచాయి. వాటి గురించి క్లుప్తంగానే చెబుతాను, తలుచుకుంటే నీరసం. నాన్న వీలునామా రాయలేదు. మరణ ధ్రువపత్రం, నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసు నుంచి వంశవృక్షం, ఈసీ, అఫిడవిట్లు. ఖాతా, అంటే ఇల్లు ఎవరి పేరున ఉందో చూపే మున్సిపల్ రికార్డు, మా ముగ్గురి పేర్ల మీదకు మారడానికి ఫిబ్రవరిలో పెట్టిన అర్జీ సెప్టెంబరులో తెమిలింది. హమ్మయ్య అనుకుంటే అక్టోబరు నుంచి దాని ఆన్‌లైన్ రూపం ఈ-ఖాతా వచ్చింది. దానికి ముగ్గురి ఆధార్ ఓటీపీలూ కావాలి. తమ్ముడి ఆధార్‌కు ఉన్నది కాలేజీ రోజుల సిమ్, ఎప్పుడో చచ్చిపోయింది. నంబరు మార్చుకోవడం అప్పట్లో 50 రూపాయల పని. వాడు సెంటరుకు వెళ్ళడానికే మూడు వారాలు తీసుకున్నాడు.

ఆస్తిపన్నులో ఇంకో చిక్కు. సొంతంగా ఉండే భాగానికి ఒక రేటు, అద్దెకిచ్చిన భాగానికి దానికి రెట్టింపు. నాన్న రసీదుల్లో ఇల్లంతా సొంత వాడకమే. అమ్మను అడిగితే, "అందరూ అట్లాగే రాస్తారంటనే" అంది. ఆ ఏడు బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పాత బకాయిలకు వడ్డీ మాఫీ పెట్టి, గడువు పొడిగిస్తూ నవంబరు 30 దాకా తెచ్చింది. నవంబరు 26న తేడా కట్టేశాను. 46,200. నాన్న తప్పును సరిదిద్దుతున్నాననే గర్వం లేదు. ఆయన లేనప్పుడు ఆయన లెక్క తప్పని ఒప్పుకుంటూ సంతకం పెట్టడం ఎట్లా ఉంటుందో చెప్పలేను.

ఇన్‌కం ట్యాక్స్ సంగతి పైన 11,000 ఇచ్చే కన్నడ ఆంటీ కొడుకు వల్ల తెలిసింది. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కావాలంటే ఆఫీసులో ఓనర్ పాన్ అడుగుతారట. నాన్న నగదు తీసుకునేవారు, ఆ ప్రశ్నే రాలేదు. ఇప్పుడు అద్దెలన్నీ బ్యాంకులోకే, ముగ్గురం వాటాల ప్రకారం చూపిస్తున్నాం. కట్టిన ఆస్తిపన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద వదిలేస్తారు, రసీదులు అక్కర్లేదు. మా ఇంటికి ఆ ఏడు అయిన ఖర్చుకు ఆ 30 శాతం ఏ మూలకూ రాలేదనుకోండి.

2025 మార్చిలో రెండో అంతస్తుకు కొత్తవాళ్ళు వచ్చారు. అద్దె 13,000, అడ్వాన్సు 65,000. ఆ రోజే బ్యాంకుకు వెళ్ళి, నర్సుల 60,000తో కలిపి అమ్మ పేరు మీద వేరే ఎఫ్‌డీ చేశాను. పాతవాళ్ళ 2,30,000 కోసం నెలకు పదివేలు అందులోకే పోతుంది. 2025 ఆగస్టుకు 1,85,000 అయింది, ఇవ్వాల్సింది మొత్తం 3,55,000. జూన్‌లో గోల్డ్ లోన్ రెన్యూవల్ చేస్తూ, తమ్ముడు పంపిన లక్షతో, దాచిన అద్దెలతో 2,60,000 కట్టి సగం నగలు విడిపించాం. తమ్ముడు పంపేటప్పుడు మాత్రం, "ఒక్క ఇల్లైనా లీజుకు పెట్టుంటే ఇదంతా ఉండేది కాదు" అని ఒక మెసేజ్ జత చేశాడు. చదివి ఊరుకున్నాను.

నాన్న నోటుబుక్కే వాడుతున్నాను. నీలం అంకె పక్కన 'ఎక్కడుంది' అని ఒక గడి గీశాను.

నిన్న రాత్రి కన్నడ ఆంటీ ఫోన్ చేసింది. కొడుకు హొసకోటెలో ఇల్లు కట్టుకున్నాడట, వచ్చే నెలాఖరుకు వెళ్ళిపోతారట. ఆమె లక్ష ఎఫ్‌డీలోంచి తీయాలి. వంటింటి సింకు కింద చెక్క ఉబ్బిందని కూడా తనే చెప్పింది, పాపం. పెయింటర్‌కు ఫోన్ చేశాను. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. ఏ ఆదివారమో చెప్పలేదు.